ఓదెలు లేచిన ఎత్తు

జిల్లాలో మనుషులు తమకు నిజంగా నచ్చిన పాట వినబడగానే నేల విడిచి గాల్లోకి లేవడం మొదలైన వారంలోనే, పాట మోగే చోట సీలింగ్ ఫ్యాన్లు ఆపి ఉంచాలని కలెక్టరేట్ నుంచి సర్క్యులర్ వచ్చింది. ఎండాకాలం కావడంతో జనం కొంత ఉక్కపోతకు గురయ్యారు. లేవడం గురించి మాత్రం ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

లేవడంలో పెద్ద హంగామా ఏమీ లేదు. పాట చెవిన పడుతుంది, అరికాళ్లు జిల్లుమంటాయి, చెప్పులు కిందనే ఉండిపోతాయి, మనిషి పైకి వెళ్తాడు. కాస్త నచ్చితే బెత్తెడు, బాగా నచ్చితే మోకాలెత్తు, మరీ నచ్చితే తల స్లాబుకు తగులుతుంది. పాట అయిపోగానే మెల్లగా దిగిపోతాడు. ఆర్టీసీ వాళ్లు బస్సుల పైకప్పులకు లోపలి వైపు దూది పరుపులు కుట్టించారు. ఒకటి రెండు చోట్ల మీసాలు సగమే మిగిలిన తర్వాత, గడ్డం గీసేటప్పుడు పాటలు పెట్టరాదని సెలూన్ల సంఘం తీర్మానం చేసింది. పెళ్లి సంబంధాల్లో పిలగాని నౌకరి, పిల్ల చదువు అడిగాక, ఏ పాటకు ఎంత లేస్తారో కూడా అడగడం మర్యాద అయింది.

జనానికి అది పండగలాగే ఉండేది. ఎవరి ఇష్టం ఏమిటో ఎవరూ దాచుకోలేకపోయేవారు. డీజేలు వచ్చి జానపదాన్ని నాశనం చేశాయని పత్రికలకు వ్యాసాలు పంపే రిటైర్డు లెక్చరర్ ఒకాయన, పాల ప్యాకెట్ తెచ్చుకుంటూ ఒక పెళ్లి బరాత్ పక్కగా వెళ్లి, ఒక డీజే పాటకు కరెంటు తీగల దాకా లేచారు. దిగాక ప్యాకెట్ కారుతోందేమో చూసుకుని, ముఖం దాచుకుంటూ ఇంటికి వెళ్లిపోయారు. ఆ బరాత్‌కు స్పీకర్ డబ్బాలు పెట్టిన డీజే పోశెట్టి మాత్రం తాను వేసే పాటల్లో ఒక్కదానికీ లేవడు. జుట్టుకు ఎర్రరంగు, చెవికి పోగు ఉన్న ఆ మనిషి, ముసలమ్మలు ఇసుర్రాయి తిప్పుతూ పాడే పాట ఎక్కడ వినబడినా షెడ్డు రేకులకు తల తగిలేంత ఎత్తు లేచేవాడు.

పాత పాట గొప్పదా, కొత్త పాట గొప్పదా అనే వాదన కూడా చల్లారిపోయింది. హోటల్లో ఎవరైనా "మా కాలం పాటల రుచి వేరు" అని మొదలుపెడితే, పక్కవాడు ఫోన్లో ఆ పాట పెట్టి అతని కాళ్ల కిందికి వంగి చూసేవాడు. చాలాసార్లు కాళ్ల కింద సందు ఉండేది కాదు.

ఇన్ని ఇష్టాలు ఒక్కసారిగా బయటపడేసరికి ప్రభుత్వానికి వాటిని క్రమబద్ధం చేయాల్సి వచ్చింది. బరాత్‌లలో, జాతరల్లో జనం తీగల దాకా లేస్తున్నారని విద్యుత్ శాఖ రాసింది. దాంతో జానపద ప్రమాణీకరణ విభాగం ఏర్పడింది. ఇకమీదట సర్టిఫికెట్ ఉన్న పాటనే బహిరంగంగా మోగించాలి. సర్టిఫికెట్ కావాలంటే ఆ పాటకు ప్రామాణిక శ్రోత లేవాలి. ప్రామాణిక శ్రోత అనేది జిల్లాకు ఒక్కటే పోస్టు.

ఆ పోస్టు మేకల ఓదెలుకు వచ్చింది. బీడీలు చుట్టిన ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివింది అతనే. ఎంపిక స్టేడియం గ్రౌండులో జరిగింది. అభ్యర్థులను వరుసగా నిలబెట్టి వరినాట్లప్పుడు పాడే పాత పాట ఒకటి వినిపించారు. మిగతావాళ్లు బెత్తెడు, జానెడు లేచారు. ఓదెలు తనకు తెలియకుండానే నోరు తెరిచి వంతపాట అందుకున్నాడు, అందుకున్న మరుక్షణం జెండా కర్ర కొన దాకా వెళ్లాడు. జెండా తాడు పట్టుకుని దిగి వచ్చి సంతకం పెట్టాడు. "నియామకం తాత్కాలికము, ఎత్తును బట్టి పొడిగించబడును" అని ఆర్డరులో రాశారు. ఆ ఆర్డరును వాళ్లమ్మ దేవుని పటాల పక్కన పెట్టింది.

విభాగానికి డిప్యూటీ డైరెక్టర్ మార్తాండరావు గారు. పద్ధతి గల మనిషి. ఓదెలు చేరిన రోజే ఆయన వినే విధానం వివరించారు. కుర్చీలో నిటారుగా కూర్చోవాలి, చేతులు మోకాళ్ల మీద ఉండాలి, నోరు తెరవకూడదు.

"మీరు శ్రోత. నోరు తెరిస్తే గాయకులైపోతారు. గాయకుల అభిప్రాయం మనకు అక్కర్లేదు," అన్నారు.

ఓదెలుకు అది న్యాయంగానే తోచింది. పాట వస్తే కదలకుండా కూర్చోవడం చదువుకునే రోజుల్లో, వార్డెన్ భయానికి, హాస్టల్లోనే అలవాటైంది. నెలలు గడిచాయి. పాటలు వస్తున్నాయి, పోతున్నాయి. మొదట మోకాలెత్తు లేచేవాడు, తర్వాత బెత్తెడు, ఆ తర్వాత చెప్పులు వదులైనట్టు అనిపించేది, అంతే. అటెండర్ సత్తయ్య నేలకు చెంప ఆనించి పాదాల కింద వెలుతురు కనబడుతుందా అని చూసి, "కొంచెం ఉన్నట్టే ఉంది సార్" అని జాలితో రాయించేవాడు.

ఇది ఆఫీసు సంగతి. ఇంటి సంగతి ఇంతకంటే కష్టంగా ఉంది.

ఓదెలు భార్య సువర్ణ పాటలు కడుతుంది. ముందు గదిలో జాకెట్లు కుడుతూ, మిషన్ తొక్కుడుకు దరువు కుదుర్చుకుని, మాట మీద మాట పెడుతుంది. కుదిరిన పాటను వరి మడి గట్టు మీద నిలబడి పాడితే, ఓదెలుకు తమ్ముడి వరసైన పోశెట్టి దానికి దరువు కలిపి నెట్‌లో పెడతాడు. సువర్ణవి నాట్లకు పోయే తల్లి రాజవ్వ దగ్గర నేర్చుకున్న పాత బాణీలు, కట్టేది మాత్రం ఈ కాలపు ముచ్చట్లు: ఫోన్ ఎత్తని మొగుళ్లు, బస్సుల్లో ఆధార్ కార్డులు మరిచిపోయిన అత్తలు. ఆమె పాట మోగితే బజారుకు బజారే లేచేది. కూరగాయల బండివాడు తూకం రాళ్లతో సహా లేచేవాడు.

ఓదెలు లేచేవాడు కాదు.

"ఏం సువర్ణక్కా," అని ఎదురింటి పద్మజ గోడ మీది నుంచి అడిగేది, "ఊరంత గాల్ల తేలబట్టె. మా బావ కాళ్లకేమన్న బెల్లం బంక అంటిందా?"

సువర్ణ నవ్వి ఊరుకునేది. లోపలికి వచ్చాక నవ్వేది కాదు.

"నచ్చలేదని చెప్పరాదు? నేనేమన్న ఏడుస్తనా?"

"నచ్చింది సువర్ణా. ఒట్టు."

"నచ్చినోడు నేల మీదుంటడా? సూడు, పిల్లి సుత లేచింది."

పిల్లి నిజంగానే కిటికీ ఎత్తున ఉంది. ఓదెలు పిల్లిని చూశాడు, తన కాళ్లను చూసుకున్నాడు. ఆఫీసుకు పోయే దారంతా ఆ పాటే మనసులో తిరిగేదని, ఫైలు ముందు పెట్టుకుని అదే తలుచుకునేవాడని చెబితే నమ్మే కాలం కాదది. కాళ్ల కింద సందు లేని మాటను ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు.

పెళ్లిళ్ల కాలం దగ్గరపడింది. పోశెట్టి వచ్చి గడపలో కూర్చున్నాడు.

"వదినా, సర్టిఫికెట్ లేదని నీ బస్సు పాట బంద్ పెట్టిచ్చిన్రు. బరాత్‌ల జనం నేల మీదనే నడుస్తున్నరు. సూడబుద్ధి అయితలేదు. ఒక్కసారి దరఖాస్తు పెట్టు."

సువర్ణ లోపలికి, ఓదెలు ఉన్న వైపు చూసింది. "పెడత," అంది. "ఆఫీసులనన్న లేస్తడేమో సూస్త."

కౌంటర్లో గుమాస్తా దరఖాస్తు చూసి, పాట కట్టినవారి పేరు దగ్గర ఆగిపోయాడు.

"కట్టినోళ్లు బతికుంటే అది జానపదం కాదమ్మా. తెలియదు అని రాయండి."

"నేనే కట్టిన సారూ. నాకు తెల్వదా?"

"మీరు కట్టినట్టు మీకు తెలియదు అని రాయండి."

సువర్ణ తన పేరే రాసి ఇచ్చింది. గుమాస్తా దాని మీద "కొత్త పాట" అని ముద్ర కొట్టాడు. భార్య పాటకు భర్తే శ్రోతగా కూర్చోవచ్చా అనే సందేహం పైకి వెళ్లి, జిల్లాలో ఇంకో శ్రోత లేనందున సందేహమే ఉండదని తిరిగి వచ్చింది.

విచారణకు ముందురోజు మార్తాండరావు గారు ఓదెలును పిలిచారు. బల్ల మీద వెడల్పాటి తోలు బెల్టు ఉంది, దానికి రెండు తాళ్లు.

"చూడండి ఓదెలూ. మీ ఎత్తు పడిపోయింది. నిబంధనల ప్రకారం నేను మిమ్మల్ని పంపించేయాలి. కానీ మీరు కష్టపడి పైకొచ్చిన మనిషి. అందుకని ఇది ఏర్పాటు చేశాం. చొక్కా లోపల కట్టుకోండి. పై తాడు సీలింగ్ వెనక గిలక మీదుగా వెళ్తుంది, సత్తయ్య లాగుతాడు. కింది తాడు నేలలో కొక్కేనికి. ఏ పాటకు ఏ తాడో ముందే నిర్ణయించుకుందాం. మీ ఇష్టాయిష్టాల జోలికి మేం రాం. మీకు ఏ పాట నచ్చినా నచ్చనివ్వండి. ఎత్తు మాత్రం ఆఫీసు చూసుకుంటుంది."

ఓదెలుకు గుండె మీది బరువు దిగినట్టయింది. లేవలేకపోతున్నానన్న భయంతో నెలల తరబడి సరిగ్గా అన్నం తినలేదు. బెల్టు నడుముకు సరిగ్గా సరిపోయింది కూడా.

"రేపటి పాటకు ఏ తాడు సార్?"

"కొత్త పాట కదా. కింది తాడు."

"ఒకవేళ నాకు నచ్చితే?"

"అందుకే కింది తాడు."

మర్నాడు పొద్దున్నే జిల్లా ఆడిటోరియం నిండిపోయింది. సువర్ణ పాట విచారణకు వస్తోందని ఎక్కడెక్కడి నుంచో జనం ట్రాలీ ఆటోల్లో దిగారు. రాజవ్వ తన నాట్ల గుంపునంతా వెంటబెట్టుకుని వచ్చింది. చీరలు మోకాళ్ల దాకా ఎగ్గట్టుకుని, మడికి పోయే ఉత్సాహంతోనే వచ్చి వెనక వరుసల్లో కూర్చున్నారు. గేటు దగ్గర బజ్జీలు, ఐస్‌క్రీం బండ్లు. పిల్లలు గాల్లోకి ఎగిరిపోకుండా తల్లులు కొంగులకు ముడి వేసుకున్నారు. పోశెట్టి కొత్త చొక్కా వేసుకుని అటూ ఇటూ తిరుగుతూ, "మా వదిన, మా వదిన" అని తెలియనివాళ్లకు కూడా చెబుతున్నాడు. పందెం కాసేవాళ్లు కూడా ఉన్నారు. ఓదెలు లేస్తాడా, లేవడా? స్లాబు దాకానా, మోకాలెత్తా?

నిశ్శబ్దం పాటించాలని మైకులో చెప్పారు. మైకు దగ్గర ఒక్కరికే అనుమతి. సువర్ణ ఒక్కతే నిలబడింది. ఎదురుగా కుర్చీలో ఓదెలు, చేతులు మోకాళ్ల మీద. ఆమె ముందుగా చూసింది అతని పాదాలనే.

"బండి మీద వస్తనంటివి, బస్సుల వస్తివిరో,
బస్సు దిగి నన్ను జూడక బజ్జీల జూస్తివిరో."

పాడి ఆగింది. నాటు పాటకు ఆ ఆగడం ఉంటుంది. మడిలో ఒకామె మాట విడుస్తుంది, మిగతావాళ్లు వంగి నాటు పెడుతూనే ఆ మాట అందుకుంటారు. సగం పాట విడిచినామెది, సగం అందుకున్నవాళ్లది. ఎవరూ అందుకోకపోతే విడిచినామె నడుము మీద చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడుతుంది, నాటు ముందుకు సాగదు. ఇప్పుడు హాలులో ఎవరూ అందుకోలేదు. నిశ్శబ్దం నిబంధన. సువర్ణ చెయ్యి దానంతటదే నడుము మీదికి వెళ్లింది. ఓదెలు కాళ్లు నేల మీదే ఉన్నాయి. సత్తయ్య వంగి చూసి లేదన్నట్టు చెయ్యి ఊపాడు.

రెండో మాట ఎత్తుకునేసరికి ఆమె గొంతు కిందికి జారింది.

"గాజులు తెస్తనంటివి, గాలి తెస్తివిరో..."

వెనక నుంచి రాజవ్వ లేచి నిలబడింది.

"ఏందే, నోట్లె మట్టి వోసుకున్నరా అందరు? పిల్ల మాట ఇడిసి నిలవడితె అందుకోరేందే? అవునే అక్కా అవునే!"

"అవునే అక్కా అవునే!" అంది నాట్ల గుంపు మొత్తం.

హాలు లేచింది. వరుసలు వరుసలుగా లేచింది, ముందు ఆడవాళ్లు, తర్వాత వాళ్ల కొంగులకు కట్టిన పిల్లలు, తర్వాత పందెం కాసినవాళ్లు తమ పందెం మరిచిపోయి. తలుపు దగ్గరి కానిస్టేబుల్ లాఠీ చంకలో పెట్టుకుని, "సార్, హాల్లో ఉన్న, హాల్లోనే పైన ఉన్న" అని వైర్‌లెస్‌లో చెబుతూ వెళ్లాడు. రిటైర్డు లెక్చరర్ గారు రెండు చేతులతో పంచె పట్టుకుని లేచారు, ఈసారి ముఖం దాచుకోలేదు. ఇసుర్రాయి పాటకు తప్ప లేవని పోశెట్టి, "ఏయ్, నేను సుత లేచిన! వదినా, నేను సుత లేచిన!" అని చప్పట్లు కొట్టుకుంటూ గాల్లో బొక్కబోర్లా తిరిగాడు. మార్తాండరావు గారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. కుర్చీ కూడా కొంచెం లేచింది. అది కుర్చీ అభిప్రాయమని ఆయన తర్వాత వివరించారు.

ఓదెలు పళ్లు బిగించుకుని ఉన్నాడు. సువర్ణ అతన్నే చూస్తూ మాట పూర్తి చేసింది.

"ఖాళీ చేతులు ఊపుకుంట కథలు చెప్తివిరో."

ఓదెలు నోరు తెరుచుకుంది. "అవునే అక్కా అవునే!" అని అందుకున్నాడు. అందరికంటే గట్టిగా.

కింది తాడు బిగిసింది. మనిషి గాలిపటంలా పైకి గుంజుతున్నాడు, కొక్కెం కిరకిరమంటోంది. సత్తయ్య వచ్చి తాడు పట్టుకోబోయి, తానూ లేచిపోయి, పట్టుకోలేకపోయాడు. ఫట్‌మని నేల బండే ఊడి వచ్చింది. ఓదెలు నడుముకు బండ వేలాడుతుండగా సీలింగ్ దాకా వెళ్లాడు. మామూలుగా పాడే మనిషి తన పాటకు తాను లేవడు. కానీ అతను అందుకోగానే సువర్ణ కూడా మైకు వైరు వెంట లాక్కుంటూ లేచింది. ఇద్దరూ స్లాబు కింద ఎదురెదురుగా ఆగారు. ఆమె కళ్ల నిండా నీళ్లు, నోటి నిండా నవ్వు.

"ఏందయ్యా, బండ సుత పట్టుకొచ్చినవ్?"

"ఆఫీసుది," అన్నాడు ఓదెలు.

కింద నుంచి, పక్క నుంచి, పై నుంచి నవ్వులు. మూడో మాట విడిచింది, హాలంతా అందుకుంది. అలా పాట అయిపోయేదాకా ఆ హాలులో నేల మీద ఎవరూ లేరు.

పాట అయ్యాక అందరూ దిగారు. మార్తాండరావు గారు విచారణ ఫలితం చదివారు. శ్రోత నోరు తెరిచినందున అతని ఎత్తు పరిగణనలోకి రాదు. అనుమతి లేకుండా అందుకున్నందున హాలు ఎత్తు కూడా రాదు. పరిగణనలోకి తీసుకోదగిన ఎత్తు లేనందున పాటకు ఎవరూ లేవలేదు. కాబట్టి తిరస్కరించడమైనది. ఆయన గొంతులో కోపం ఏమీ లేదు. చదివాక ఓదెలును పక్కకు పిలిచి, నౌకరి పోకుండా ఉండే మార్గం ఉందని కూడా చెప్పారు. పాటలో అందుకునే భాగం తీసేసి, కట్టినవారు తెలియదని రాసి మళ్లీ దరఖాస్తు పెడితే, దాన్ని పాత పాటగా భావించి పై తాడు కేటాయిస్తారు.

ముగ్గురూ ఇంటికి వచ్చారు. రాజవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. సువర్ణ ఓదెలు నడుముకు బెల్టు ఒరిసిన చోట కొబ్బరినూనె రాసింది.

"పోతె పోనీ అనాలె నౌకరిని," అన్నాడు ఓదెలు. "నోటిదాకా వస్తుంది. అనలేకపోతున్న."

"అనకు," అంది సువర్ణ. "నువ్వు లేచినవ్. నేను కండ్లార సూసిన. ఇగ నాకు రంది లేదు. రెండు ముక్కల ముచ్చట, తీసేద్దాం తియ్యి. పాట బరాత్‌లకన్న పోతది."

"అందుకునుడు తీసేస్తె అది పాటెట్లయితదే? రేడియోల వార్తలయితది," అంది రాజవ్వ.

"వార్తలే అనుకో అవ్వా. వార్తలకు సర్టిఫికెట్ ఇస్తరట."

రెండోసారి విచారణ ఇంకా ఘనంగా జరిగింది. విభాగం అనుభవం మీద నేర్చుకుంది. ప్రతి కుర్చీకీ బెల్టు, ప్రతి బెల్టుకూ రెండు తాళ్లు, సీలింగ్ వెనక వరుసగా గిలకలు. ఎవరినీ బలవంతం చేయలేదు. కట్టుకున్నవాళ్లకు మజ్జిగ ప్యాకెట్ ఇచ్చారు. జనం ఉత్సాహంగా ఒకరి బెల్టు ఒకరు బిగించుకున్నారు. సువర్ణ పాడింది. మాట మీద మాట, మధ్యలో ఆగకుండా, చక్కగా పాడింది. సత్తయ్య పై తాడు లాగాడు. ఓదెలు నోరు మూసుకుని, ఆదేశంలో చెప్పిన ఎత్తుకు, ఏమాత్రం ఊగకుండా లేచాడు. చప్పట్లు మోగాయి. సర్టిఫికెట్ అక్కడికక్కడే ఇచ్చారు. రచన తెలియదు, కాలం తెలియదు, ఎత్తు సంతృప్తికరం.

తర్వాత పాట రికార్డును మళ్లీ వేసి, గౌరవ సూచకంగా సువర్ణను ఓదెలు పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమె నడుముకూ బెల్టు కట్టారు. ఈసారి హాలంతటికీ పై తాడు. అందరూ ఒకేసారి, ఒకే ఎత్తుకు, ఒకే నిశ్శబ్దంలో లేచారు. చూడడానికి చాలా అందంగా ఉంది. వెనక వరుసలో బెల్టు లేకుండా రాజవ్వ ఒక్కతే నేల మీద ఉండిపోయింది. కాసేపు అటూ ఇటూ చూసి సత్తయ్యను పిలిచింది.

"బిడ్డా, నాకు సుత ఒకటి కట్టు. అందరు మీదుంటె నేనొక్కదాన్ని కిందుండుడు మంచిగనిపిస్తలేదు."

సత్తయ్య కట్టాడు. మజ్జిగ ప్యాకెట్ కూడా ఇచ్చాడు.

ఆ పెళ్లిళ్ల కాలమంతా జిల్లాలో ప్రతి బరాత్‌లోనూ సువర్ణ పాటే మోగింది. పోశెట్టి డీజే బండి మీద ఇనుప చట్రం కట్టించి, దాని నుంచి తాళ్లు వేలాడదీశాడు. పెళ్లికొడుకు తరఫువాళ్లకు ఒక ఎత్తు, పెళ్లికూతురు తరఫువాళ్లకు ఒక ఎత్తు. గొడవలు పూర్తిగా తగ్గాయి. తీగలకు ఎవరూ తగలడం లేదని విద్యుత్ శాఖ సంతోషం తెలిపింది. హార్డ్‌వేర్ దుకాణాల్లో ఇంటి వాడకానికి చిన్న సైజు బెల్టులు వచ్చాయి. చుట్టాలు వచ్చి ఏదైనా పాట పెడితే, ముందు వాళ్ల మనసు తెలుసుకుని, తగినట్టు లాక్కోవచ్చు. మొదట్లో లాగకుండానే లేచేవాళ్లు కొందరు ఉండేవారు. అలాంటివాళ్లు కింది తాడు వేసుకోవడం మొదలుపెట్టారు. ఇప్పుడు అలా లేచేవాళ్లు ఉన్నారో లేరో తెలుసుకునే అవసరం ఎవరికీ పడడం లేదు.

ఓదెలు పోస్టు పర్మనెంట్ అయింది.

సర్టిఫికెట్ రోజున తీసిన ఫొటో పత్రికలో వచ్చింది. ఓదెలు, సువర్ణ పక్కపక్కన, ఒకే ఎత్తులో, చిరునవ్వుతో. ఎదురింటి పద్మజ దాన్ని కత్తిరించి తెచ్చి ఇచ్చింది. "మంచి జోడీ అక్కా, ఇద్దరి ఇష్టం ఒక్కటే," అంది. చుట్టాలు ఫోన్లు చేసి అదే మాట చెప్పారు. పెద్ద సైజులో ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించి, ముందు గదిలో మిషన్ పైన తగిలించారు. ఓదెలు స్టూలు ఎక్కి మేకు కొట్టాడు. సువర్ణ కింద నిలబడి వంకర లేకుండా చూసింది.

"ఎట్లుంది?" అన్నాడు.

ఆమె దగ్గరికి వచ్చి, కళ్లు చిట్లించి, ఇద్దరి భుజాల పైన, కుర్చీల కింద వేలితో తడిమి చూసింది.

"మంచిగొచ్చింది," అంది. "తాడు ఎక్కడ కనబడ్తలేదు."

ఇంటికి వచ్చినవాళ్లు ఫొటోను అలాగే దగ్గరికి వెళ్లి చూస్తారు. చూసి, మెచ్చుకుని, టీ తాగుతూ ఫొటోగ్రాఫర్ నంబరు అడిగి రాసుకుంటారు.